అంతరిక్షంలో ఆకర్షణ లేదట!

"గురుత్వాకర్షణే లేని చోట మనవాడు ఎలా తేలుతున్నాడో చూడండి!" 2025 జూన్ ఆఖర్లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరుకున్నాక మన టీవీల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఒక చానలనీ కాదు, ఒక యాంకరనీ కాదు. పక్కన కూర్చోబెట్టిన విశ్లేషకుడు తల ఊపుతాడు. కింద స్క్రోలింగులో అదే మాట పరుగెడుతుంది. మర్నాడు తొమ్మిదో తరగతిలో నా పిల్లలూ అదే చెప్పారు. అది తప్పురా అన్నాను. "టీవీలో చెప్పినారు గదా సార్" అన్నారు. టీవీకి పోటీగా నా చేతిలో ఉన్నది ఒక సుద్దముక్క.

సరే, ఆ సుద్దముక్కతోనే లెక్క వేద్దాం. ఆ కేంద్రం తిరిగేది దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున. నెల్లూరు నుంచి హైదరాబాదుకి బస్సులో పోయే దూరం కన్నా తక్కువ. భూమి కేంద్రం నుంచి నేల దాకా 6,400 కిలోమీటర్లు. దానికి ఈ 400 కలిపితే 6,800. ఆకర్షణ దూరం వర్గానికి విలోమానుపాతంలో ఉంటుందని పిల్లలు బట్టీపట్టిన సూత్రం ఉంది కదా, అందులో ఈ రెండంకెలు వేస్తే అక్కడ గురుత్వ త్వరణం 8.7 అని తేలుతుంది. నేలమీద 9.8. అంటే అంత ఎత్తున ఒక స్తంభం కట్టి, పైన కాటా పెట్టి, 50 కిలోల మనిషిని నిలబెడితే ముల్లు 44 దగ్గర ఆగుతుంది. తగ్గింది ఆరు కిలోలు. ఈ మాత్రానికి మనిషి గాల్లో తేలతాడా?

శుక్లా తేలింది ఆకర్షణ లేక కాదు. ఆయనా, ఆయన ఉన్న కేంద్రమూ, ఆయన ముందు ఆడుతున్న నీటిబొట్టూ అన్నీ ఒకే తీరున భూమివైపు పడుతూ ఉండటం వల్ల. సెకనుకి ఏడున్నర కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పక్కకి దూసుకుపోతుండటంతో ఎంత పడినా నేల తగలదు. వీళ్లు పడేకొద్దీ కింద భూమి వంపు తిరిగిపోతుంటుంది. అలా పడుతూ పడుతూనే గంటన్నరకోసారి భూమిని చుట్టేస్తారు. ఆకర్షణే లేకపోతే చుట్టడమేమిటి, తిన్నగా ఎటో పోయేవాళ్లు. 3,84,400 కిలోమీటర్ల దూరాన ఉన్న చంద్రుణ్నే భూమి వదలకుండా తన చుట్టూ తిప్పుకుంటుంటే, 400 కిలోమీటర్ల దగ్గర చేతులెత్తేస్తుందా? ఇందులో పద్నాలుగేళ్ల పిల్లకి అందని మాట ఏముందో చెప్పండి. అందుతుంది. అందించాలన్న పట్టింపు మాత్రం ఎవరికీ లేదు. నా మంట అదీ.

ఎక్కడో సముద్రానికి, రాకెట్లకి సంబంధం లేని ఊళ్లో ఈ మాట అంటే ఊరుకుందును. మాది శ్రీహరికోట చాయలో బతికే ప్రాంతం. 1971లో ఈ దీవి నుంచి లేచిన మొదటి రాకెట్ ఒక రోహిణి సౌండింగ్ రాకెట్. 1979 ఆగస్టులో ఎస్ఎల్‌వీ-3 సముద్రం పాలైందీ, 1980 జులై 18న అదే ఎస్ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిందీ ఇక్కడి నుంచే. చంద్రయాన్‌లు మూడూ, మంగళయాన్, ఆదిత్య ఎల్-1 అన్నీ ఈ దీవి మీద నుంచి పోయినవే. మా బడి గ్రౌండులో నిలబడితే ఆ నిప్పుగీత కనిపిస్తుంది. పిల్లలు చప్పట్లు కొడతారు, టీచర్లు ఫోన్లు పైకెత్తుతారు, నిమిషంలో అంతా అయిపోయి లోపలికి వచ్చి "గురుత్వాకర్షణ: నిర్వచనం" అని హెడ్డింగు రాసుకుంటారు. బయట చూసినదానికీ లోపల రాసినదానికీ చుట్టరికం ఉందని వాళ్లకి ఎవరూ చెప్పరు.

నా క్లాసులో పులికాట్ ఒడ్డు జాలరి కుప్పాల పిల్లలు కొందరున్నారు. రాకెట్ ఎగిరే రోజు వేటకి పోవద్దని వాళ్ల నాన్నలకి ముందే కబురొస్తుంది. ఎందుకు పోవద్దంటారో ఆ పిల్లలకి తెలుసు: రాకెట్ తునకలు సముద్రంలో పడతాయి. అయితే అది తూర్పుకే ఎందుకు ఎగురుతుంది? భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది కాబట్టి. ఇక్కడ నేల సెకనుకి 450 మీటర్ల వేగంతో తూర్పుకి పరుగెడుతూ ఉంటుంది కాబట్టి, ఆ తోపు రాకెట్‌కి ఉచితంగా దొరుకుతుంది కాబట్టి. దీవిని ఏరి కోరి ఎంచుకున్న కారణాల్లో ఇదొకటి. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలకైతే దక్షిణానికి పోవాలి; నేరుగా పోతే శ్రీలంక అడ్డం. అందుకని పీఎస్ఎల్‌వీ దారిలో పక్కకి వంపు తిరిగి మరీ పోతుంది, బోలెడు ఇంధనం దండగ చేసుకుని. ఆ బాధ తప్పించుకోవడానికే కదా తమిళనాట కులశేఖరపట్నంలో రెండో కేంద్రం కడుతున్నారు. నాన్న వల మానుకున్న రోజు వెనక ఇంత భౌతికశాస్త్రం ఉందని ఆ పిల్లలకి చెబితే జన్మలో మరిచిపోతారా?

పోటూ పాటూ కూడా అంతే. అమాసకీ పున్నానికీ పోటు ఎక్కువని ఆ పిల్లలకి నేను చెప్పనక్కర్లేదు, వాళ్లే నాకు చెబుతారు. చంద్రుడూ సూర్యుడూ ఒకే గీతమీదికొచ్చి నీటిని లాగే రోజులవి. గురుత్వాకర్షణ అనే పాఠం వాళ్ల గుమ్మం దాకా రోజుకి రెండుసార్లు వచ్చి పోతోంది. మేము మాత్రం న్యూటన్ తలమీద ఆపిల్ పండు వేస్తాం. మా పిల్లల్లో ఆపిల్ చెట్టు చూసినవాడు ఒక్కడు లేడు.

పరీక్షల సంగతి చెబితే ఇంకా మండుతుంది. ఈ పాఠంలోంచి ఏళ్ల తరబడి వస్తున్న ప్రశ్న: పెద్ద జీకీ (G) చిన్న జీకీ (g) తేడాలు రాయుము. గైడులో గడులు గీసి రెడీగా ఉంటుంది. "సిక్స్ పాయింట్ సిక్స్ సెవెన్ ఇంటూ టెన్ పవర్ మైనస్ లెవెన్" అని పిల్లలు ఊగుతూ వల్లిస్తారు. ఆ మైనస్ లెవెన్ ఎంత చిన్నదో, అంత చిన్నదాన్ని 1798లో కావెండిష్ అనే పెద్దమనిషి సీసం గుండ్లూ సన్న తీగా పెట్టి ఒక గదిలో ఎలా పట్టుకున్నాడో అడిగే ప్రశ్న ఉండదు. రెండో ప్రశ్న: ద్రవ్యరాశికీ భారానికీ తేడాలు. "చంద్రుని మీద వస్తువు భారం భూమి మీది భారంలో ఆరో వంతు" అని ఇంత లావు అక్షరాలతో రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్న అమ్మాయిని లేపి అడిగాను, చంద్రుడి మీద నిలబడి ఈ సుద్దముక్క వదిలితే ఏమవుతుందమ్మా అని.

"తేలతాది సార్."

ఆరో వంతు బరువుంది అని రాశావు కదమ్మా, మరి బరువున్నది ఎలా తేలుతుంది? ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. రాసింది పరీక్ష కోసం, తేలడం నిజం కోసం; ఈ రెండింటినీ కలిపి అడగడం నా తప్పన్నట్టు. 1971లో అపోలో-15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో డేగ ఈక పట్టుకుని ఒకేసారి వదిలితే రెండూ ఒకేసారి నేలమీద పడ్డాయి. ఆ వీడియో నిమిషం కూడా ఉండదు. నా ఫోన్‌లో చూపించాను, గుంపుగా మీద పడి చూశారు. ఇంత మంది పిల్లలకి ఐదంగుళాల తెర.

కాదు, పెద్ద తెర లేక కాదు. మా దగ్గర ఉంది. ల్యాబూ ఉంది. బీరువాలో స్ప్రింగు త్రాసులున్నాయి, కొన్నింటికి ప్లాస్టిక్ కవరైనా విప్పలేదు. తాళం ఎప్పుడూ వేసే ఉంటుంది, ఎందుకంటే పగిలితే స్టాక్ రిజిస్టర్‌లో ఎవరు సమాధానం రాసుకుంటారు? కొన్నది వాడకుండా ఉంచితే తనిఖీలో మంచి పేరు, వాడి పగలగొడితే మెమో. పోనీ, బీరువాకి దణ్ణం పెట్టి ఒక మీటరు దారానికి రాయి కట్టి కిటికీకి వేలాడదీసి ఊపండి. ఇరవై ఊపులకి నలభై సెకన్లు పడుతుంది. ఆ రెండంకెలతోనే 9.8కి దగ్గరి విలువ వచ్చి తీరుతుంది. భూమి ఎంత బలంగా లాగుతోందో దారం ముక్కతో కొలిచిన పిల్లాడి మొహం ఒకసారి చూడండి. ఎంత మంది సార్లు చూశారు? పొద్దున హాజరు ఫోటో, మధ్యాహ్నం భోజనం ఫోటో, మొన్నటిదాకా మరుగుదొడ్డి ఫోటో కూడా. ప్రతిదానికీ ఒక యాప్ ఉంది. ప్రయోగం చేయించావా అని అడిగే యాప్ ఇంతవరకు రాలేదు. వస్తే దానికీ ఫోటో పెట్టి ఊరుకుంటామేమో, అది వేరే సంగతి.

సైన్స్ ఫెయిర్ మాట చెప్పకుండా ఉండలేను. మా అమ్మాయి ఒకతె, కుప్పం పిల్లే, లీటరు నీళ్ల బాటిల్ తెచ్చి అడుగున కాల్చిన మేకుతో రెండు బొక్కలు పెట్టింది. నీళ్లు నింపి మూత తీసి పట్టుకుంటే రెండు ధారలు జివ్వున కారతాయి. అదే బాటిల్‌ని మేడమీంచి వదిలేస్తే, కిందకి పడుతున్నంతసేపూ ధారలు టక్కున ఆగిపోతాయి. చుక్క కారదు. నేల తగిలాక మళ్లీ అంతా నీళ్లే. నేను నేర్పింది ఇంతవరకే. ఎందుకాగింది అంటే ఆ పిల్ల చెప్పిన జవాబు మాత్రం తనదే: "బాటిలూ పడతా ఉంది, నీళ్లూ పడతా ఉండాయి, రెండూ ఒకే తీరుగా. ఇంక ఎవురు ఎవుర్ని నెడతారు సార్?" శుభాంశు శుక్లా తేలడానికి ఇంతకన్నా శుద్ధమైన వివరణ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. టీవీ విశ్లేషకుడికి కాలు మీద కాలు వేసుకుని కూర్చుని చెప్పడం రానిది, మేకూ బాటిలూ పట్టుకున్న ఆ పిల్లకి వచ్చింది.

ఆ బాటిల్‌నే ఫెయిర్‌కి తీసుకుపోయాం. న్యాయనిర్ణేతలు వచ్చారు. వరసలో మా బల్ల దగ్గర ఆగిన పెద్దాయన బాటిల్ కేసి చూసి "మోడల్ ఏదమ్మా?" అన్నాడు. ఇదే సార్ అంది. "చార్ట్ ఏది?" చార్ట్ లేదు. మేడమీద నుంచి వదిలి చూపిస్తాను, ఒక్క నిమిషం బయటికి రండి సార్ అంది. ఆయన వాచీ చూసుకున్నాడు. "నేలంతా తడిసిపోతోంది, ముందు అది అవతల పెట్టండి" అని పక్క బల్లకి పోయాడు. పక్క బల్లమీద నిలువెత్తు థర్మాకోల్ రాకెట్. సీరియల్ బల్బులు వెలుగుతున్నాయి, కింద దూదితో పొగ. ప్రైజు దానికే. ఆ రాకెట్ తెచ్చిన పిల్లాణ్ని నేనేమీ అనను, వాడూ పిల్లాడే. ఆ రాకెట్ పైకి ఎందుకు పోతుంది నాయనా అని ఎవరైనా వాణ్ని అడిగారా అంటే అదీ లేదు. బల్బులు వెలిగాయి, చాలు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు. "చార్ట్ రాసుకుని పోయుంటే బాగుండేది సార్" అంది దిగేముందు. మనం నేర్పించింది అదన్నమాట: మేకు కంటే స్కెచ్ పెన్ను ముఖ్యం.

ఇక చంద్రయాన్ రోజుల్లో జరిగింది. 2023 జులై 14న శ్రీహరికోటలో లేచిన చంద్రయాన్-3 ఆగస్టు 23 సాయంత్రం చంద్రుడి మీద దిగింది. నలభై రోజులు. మధ్యలో ఒక పిల్లాడు అడిగాడు: "సార్, అమెరికావోళ్లు నాలుగు రోజుల్లో పోయినారంట గదా, మనోళ్లు ఇన్ని రోజులు ఏం చేస్తా ఉండారు?" బంగారం లాంటి ప్రశ్న. ఆ ప్రశ్న పట్టుకుని గురుత్వాకర్షణ మొత్తం చెప్పేయొచ్చు. అపోలోని మోసిన శాటర్న్-5 ఎత్తు 110 మీటర్లు. మన ఎల్‌వీఎం3 43 మీటర్ల చిల్లర. ఒక్క తోపులో చంద్రుడి దాకా విసిరే బలం మనకి లేదు. కాబట్టి భూమి చుట్టూనే తిరుగుతూ, భూమికి అతి దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఇంజిన్ కాసేపు మండించి కక్ష్యని సాగదీసుకుంటూ పోయారు. దగ్గరికొచ్చినప్పుడే ఎందుకు? అక్కడ వేగం ఎక్కువ, అక్కడ కాల్చిన ఇంధనానికి ఫలం ఎక్కువ. ఆగస్టు 1న చంద్రుడి దారి పట్టించారు, 5న చంద్రుడి దగ్గర వేగానికి కళ్లెం వేసి ఆయన ఆకర్షణకి చిక్కేలా చేశారు. వేయకపోతే పక్కనుంచి దాటిపోయేది. సరిగ్గా ఆ రోజుల్లోనే రష్యా లూనా-25 ఇంజిన్ 84 సెకన్లు మండాల్సింది 127 సెకన్లు మండి చంద్రుణ్ని గుద్దుకుంది. నలభై మూడు సెకన్లు! క్లాసు ఊపిరి బిగబట్టింది.

సరిగ్గా అప్పుడే పర్యవేక్షణకి వచ్చిన అధికారి వెనక బెంచీలో కూర్చుని ఉన్నారు. పాఠం అయ్యాక బయటికి పిలిచి మర్యాదగానే అడిగారు: "ఇది పరీక్షకి వస్తుందా మాస్టారూ?" రాదండి. "సిలబస్ ఎంతవరకు అయింది?" అది రాసుకుని వెళ్లిపోయారు. ఆయన చెడ్డవాడు కాదు. కోప్పడనూ లేదు. కోప్పడి ఉంటే వాదించేవాణ్ని. పట్టనితనంతో ఎవరు వాదించగలరు? స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో ఇదే మాట ఎత్తితే సి-గ్రేడ్ పిల్లల్ని గట్టెక్కించే ప్లాన్ ఏదో అది చెప్పండి అన్నారు. అర్థమయ్యేలా చెప్పడం కూడా గట్టెక్కించే ప్లానేనండీ అంటే నవ్వారు. సాటి టీచర్లూ నవ్వారు, అది ఎక్కువ బాధ.

ఆగస్టు 23ని జాతీయ అంతరిక్ష దినోత్సవం చేశారు. సంతోషం. ఆ రోజు ముగ్గులు, ర్యాలీ, వ్యాసరచన. వ్యాసం ముందురోజే వాట్సాప్‌లో వస్తుంది, అందరిదీ ఒకటే వ్యాసం.

డబ్బు కట్టే బడుల్లో నయమనుకుంటారేమో. మా బంధువుల అబ్బాయి పేరున్న చోట తొమ్మిదిలోనే ఐఐటీ ఫౌండేషన్ చదువుతున్నాడు. రెండు ఉపగ్రహాల కక్ష్యల నిష్పత్తి ఇస్తే కాలాల నిష్పత్తి అరనిమిషంలో టిక్కు పెడతాడు. చంద్రుడు మన మీద ఎందుకు పడడురా అన్నాను. "అంత పైన గ్రావిటీ ఉండదు కదా అంకుల్" అన్నాడు. వాళ్ల నాన్న కట్టిన ఫీజు తలుచుకుంటే నాకే కడుపు తరుక్కుపోయింది. ఆయనకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు, ర్యాంకు వస్తోంది కదా అన్నాడు.

ఎవరూ ఏమీ చేయడం లేదని అనను. ఇస్రో 2019 నుంచి యువికా పేరుతో తొమ్మిదో తరగతి పిల్లల్ని వేసవిలో తీసుకుపోయి కేంద్రాలు చూపిస్తోంది. అక్టోబర్ అంతరిక్ష వారోత్సవాలకి శ్రీహరికోట షార్ కేంద్రం వాళ్లు ఊళ్లకే వచ్చి ప్రదర్శనలు పెడతారు. కానీ ఏరిన కొద్దిమందికే కదా యువికా. మిగతా లక్షల మందికి ఇస్రో రాలేదు, రానక్కర్లేదు కూడా. అక్కడ ఉండాల్సింది నేనూ, నా దారం ముక్కా, దానికి ఒక పీరియడ్ తీరికా. ఆ తీరిక ఇవ్వడానికి ఏ బడ్జెటూ అక్కర్లేదు కనుకనే ఎవరికీ పట్టలేదేమో అనిపిస్తుంది. బడ్జెట్ ఉంటే టెండరైనా పిలిచేవాళ్లు.

అయ్యా, మార్పులు పెద్దవేమీ అడగను. పుస్తకం మార్చొద్దు, పాఠం కుదించొద్దు, కొత్త పథకానికి కొత్త పేరు పెట్టొద్దు. ఈసారి తొమ్మిదో తరగతి పేపర్లో పెద్ద జీకీ చిన్న జీకీ తేడాలు తీసేసి దాని స్థానంలో ఒక్క ప్రశ్న వేయండి: చంద్రుడు మన మీద ఎందుకు పడడు? లేక, పడుతున్నాడా? గైడులవాళ్లు రెండు నెలల్లో దానికీ జవాబు అచ్చు వేసి బజార్లో పెడతారు, నాకు తెలుసు. ఆ రెండు నెలలైనా పిల్లల్ని ఆలోచించనివ్వండి.